పిల్లలకు జ్యామితి మాటలు ఇంట్లో నేర్పడం ఎలా: కాగితం మడతతో మొదలుపెట్టి గాజుల దాకా

నాలుగో తరగతి చదివే పిల్లాణ్ణి ‘రేఖాఖండం అంటే ఏంట్రా?’ అని అడిగి చూడండి. నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. ‘సరే, ఈ గదిలో ఒకటి చూపించు’ అనండి. పైకప్పు వైపు చూస్తాడు, నేల వైపు చూస్తాడు, చివరికి వాళ్లమ్మ వైపు చూస్తాడు. సాయంత్రాలు మా ఇంటికి లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే పిల్లల్లో ఈ చూపు చాలాసార్లు చూశాను.

పేరు ముందొచ్చి, ఆ పేరు గల వస్తువు ఎప్పటికీ రాకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. దీన్ని తిరగేయడమే మన పని. ముందు చేత్తో చేయించండి. తర్వాత ఇంట్లో వాడే మాటతో చెప్పించండి: చుక్క, గీత, మూల, గుండ్రం, చదరం. పుస్తకం మాట అన్నిటికన్నా చివర. ఆ మాట చెప్పేటప్పుడు దాన్ని విడగొట్టి చూపండి, ఎందుకంటే మన జ్యామితి పేర్లలో చాలావాటికి అర్థం కడుపులోనే ఉంటుంది. మీ పిల్లలది ఇంగ్లీషు మీడియమైనా ఇది పనికొస్తుంది. ట్రాపీజియం అనే మాటని ఎంత పిండినా ఏడేళ్ల పిల్లాడికి ఏమీ రాలదు. ‘సమాంతరం’ని విడగొడితే సగం పాఠం అయిపోతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

పాత కాగితాలు, దారం, కత్తెర, చీపురు పుల్లలు, సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబు కాస్త, ఒక గుండ్రటి డబ్బా, నాలుగు గాజులు. కంపాస్ బాక్సు ఇప్పుడే తీయకండి. అది బల్ల మీదుంటే పిల్లల చూపంతా వృత్తలేఖిని (గుండ్రం గీసే కంపాస్) ముల్లు మీదే ఉంటుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. కింద రాసినవన్నీ ఒక్క ఆదివారంలో లాగించేయాలనుకుంటే మీకూ వాళ్లకూ పేచీ తప్పదు.

మొదటి రోజు: చుక్క, గీత

వాకిట్లో ముగ్గు పెట్టే అలవాటుంటే పని సులువు. చుక్కలు పెట్టించండి. చుక్కకి పొడవు లేదు, వెడల్పు లేదు, ‘ఇక్కడ’ అని చెప్పడమే దాని ఉద్యోగం. అది బిందువు. పిల్లలు వెంటనే ‘ముగ్గు చుక్కకి వెడల్పుంది కదా’ అంటారు. నిజమే, మనం పెట్టే చుక్క బిందువుకి గుర్తు మాత్రమే. పెన్సిలు ఎంత సన్నగా చెక్కితే గుర్తు అంత బాగుంటుందని చెప్పి ముందుకెళ్లండి, ఇక్కడ ఎక్కువ తర్కించక్కర్లేదు.

రెండు చుక్కల్ని తిన్నగా కలిపితే రేఖాఖండం. ఖండం అంటే ముక్క. రెండు వైపులా ఆగిపోతుంది కాబట్టే స్కేలు పెట్టి కొలవగలం. ఆ గీతే రెండు వైపులా ఆగకుండా పోతూనే ఉంటే రేఖ. ఒక చోట మొదలై ఒకే వైపు పోతూ ఉంటే కిరణం. కరెంటు పోయినప్పుడు టార్చి వెలిగించి చూపితే కిరణం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. కాగితం మీద మనం గీయగలిగింది ఎప్పుడూ ముక్కే. చివర్లలో పెట్టే బాణం గుర్తు ‘ఇది ఇంకా పోతుంది, కాగితం సరిపోక ఆపాను’ అని చెప్పడానికి. ఈ మాట చెప్పాకే మా దగ్గరికొచ్చే ఒక పిల్ల బాణాలు మర్చిపోవడం మానేసింది.

స్కేలుతో కొలిపించేటప్పుడు ఒకటి గమనించండి. చాలా స్కేళ్లలో సున్నా గీత ప్లాస్టిక్ అంచు దగ్గర ఉండదు, కాస్త లోపల ఉంటుంది. పిల్లలు అంచు నుంచి కొలుస్తారు, ప్రతి జవాబూ కొద్దిగా తప్పుతుంది. మూల విరిగిన స్కేలుంటే పారేయకండి. 1 దగ్గర మొదలుపెట్టి కొలిచి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేయమనండి. పొడవంటే రెండు గుర్తుల మధ్య తేడా అని అప్పుడే తెలుస్తుంది.

రెండో రోజు: కాగితం మడిచి లంబకోణం

ఇది మాత్రం తీరిగ్గా చేయండి. అన్నిట్లోకీ నాకు ఇష్టమైన పాఠం ఇదే.

అంచులు వంకరటింకరగా చించిన కాగితం ముక్క తీసుకోండి. నోటుబుక్కు కాగితం వద్దు, దానికి లంబకోణాలు ముందే ఉంటాయి. ఆ ముక్కని ఎక్కడో ఒక చోట మడిచి, గోరుతో గట్టిగా రాయమనండి. అంచులు ఎంత వంకరగా ఉన్నా మడత మాత్రం తిన్నగా వస్తుంది. ఇప్పుడు ఆ మడత గీత తన మీదే తాను సరిగ్గా పడేలా రెండోసారి మడవాలి. మడత సగం, రెండో సగాన్ని పూర్తిగా కప్పాలి, బయటికి తొంగి చూడకూడదు. గోరుతో రాయండి. చేతిలో మిగిలిన మూలే లంబకోణం, 90 డిగ్రీలు. స్కేలు వాడలేదు, కోణమానిని (ప్రొట్రాక్టర్) వాడలేదు.

విప్పితే రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి. మధ్యలో నాలుగు మూలలు, నాలుగూ సమానం. నాలుగు 90లు 360. చుట్టూ ఒకసారి తిరిగితే 360 డిగ్రీలని ఇప్పుడు చెప్పండి.

మళ్లీ మడిచి ఆ మూల పిల్లల చేతికిచ్చి ఇల్లంతా తిప్పండి. తలుపు మూలకి ఆనించు, బీరువా మూలకి ఆనించు, పుస్తకానికి, టైల్సుకి. సరిగ్గా ఇమిడితే లంబకోణం. కాగితం మూల కన్నా ఇరుగ్గా ఉంటే అల్పకోణం, వెడల్పుగా ఉంటే అధికకోణం. కొన్ని పుస్తకాల్లో వీటినే లఘుకోణం, గురుకోణం అంటారు. ఛందస్సులో లఘువు గురువు చదివిన తాతయ్య ఇంట్లో ఉంటే ఆయన్ని కలుపుకోండి, మాట బాగా పడుతుంది. పూర్తిగా తెరుచుకుని తిన్నటి గీతైపోతే సరళకోణం, 180 డిగ్రీలు.

తాపీమేస్త్రీ గోడ మూల చూడటానికి వాడే మూలమట్టం కూడా ఇదే పని చేస్తుంది. కంపాస్ బాక్సులోని రెండు త్రికోణపు పలకల పేరు కూడా మూలమట్టాలే. ఇంటికి ముగ్గు పోసే రోజు మేస్త్రీలు దారంతో మూల చూడటం ఎప్పుడైనా గమనించారా? ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పై తరగతుల్లో పైథాగరస్ పేరు వినబడినప్పుడు వాళ్లకి ఆ దారం గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు దాదాపు తప్పకుండా వస్తుంది. చేతులు పొడుగ్గా గీసిన కోణం పెద్దదనీ, పొట్టిగా గీసింది చిన్నదనీ అనుకుంటారు. ఒక పెద్ద కత్తెర, ఒక చిన్న కత్తెర తెచ్చి రెండిటినీ ఒకేలా తెరిచి పక్కపక్కన పెట్టండి. కోణమంటే ఎంత తెరుచుకుందన్నది, చేతులు ఎంత పొడుగన్నది కాదు. రెండు చేతులూ కలిసే చోటు శీర్షం.

గడియారం ఆట కూడా ఆడించవచ్చు. 3 గంటలకు ముళ్ల మధ్య 90 డిగ్రీలు, 6 గంటలకు 180. మరి 3:30కి? పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా 90 అనేస్తారు. పెద్ద ముల్లు 6 మీద ఉంది నిజమే, కానీ చిన్న ముల్లు అప్పటికి 3 దాటి సగం దూరం వచ్చేసింది. అందుకే 75 డిగ్రీలు.

కోణమానిని ఎప్పుడు ఇవ్వాలి?

కాగితం మూలతో ‘ఎక్కువా, తక్కువా’ చెప్పడం వచ్చాకే. దాని మీద రెండు వరుసల అంకెలుంటాయి, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి. 50 డిగ్రీల కోణాన్ని 130 అని రాసుకొచ్చిన పిల్లాడితో నేను ‘తప్పు’ అనలేదు. ‘నీ కాగితం మూల కన్నా ఇరుగ్గా ఉందా, వెడల్పుగా ఉందా?’ అన్నాను. కాసేపు చూసి, వాడే కొట్టేసి 50 రాశాడు.

పెట్టే పద్ధతి: మధ్యలోని గుర్తు సరిగ్గా శీర్షం మీద, సున్నా గీత ఒక చేతి మీద. ప్లాస్టిక్ అంచు కాదు, సున్నా గీత. ఆ చేయి మీద సున్నా చూపే వరుస ఏదో, రెండో చేయి దగ్గర కూడా ఆ వరుసలోనే చదవాలి.

జతగా నడిచే గీతలు

సమాంతరం అంటే సమ + అంతరం, మధ్య ఖాళీ ఎక్కడ చూసినా సమానం. రైలు పట్టాలు చూపిస్తారు అందరూ. పిల్లలేమో ‘దూరంగా కలిసిపోతున్నాయి కదా’ అంటారు. కంటికి అలా కనబడుతుంది, కొలిస్తే మాత్రం మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం ఇక్కడా 1676 మిల్లీమీటర్లే, అక్కడా అంతే. కలిసిపోతే రైలు పడిపోతుందిగా అంటే ఒప్పుకుంటారు. ఒకదాన్నొకటి కోసుకునేవి ఖండన రేఖలు. లంబకోణంలో కోసుకుంటే లంబరేఖలు. కిటికీ గ్రిల్లులో మూడూ దొరుకుతాయి.

పుల్లలతో త్రిభుజాలు, చతుర్భుజాలు

వాల్వ్ ట్యూబుని చిన్న ముక్కలుగా కోసి, చీపురు పుల్లల చివర్లకి తొడిగి కలిపితే కీలు వచ్చేస్తుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేయించండి, నాలుగింటితో చతుర్భుజం. భుజాలు మూడు, భుజాలు నాలుగు, పేర్లకి వేరే వివరణ అక్కర్లేదు. రెండిటినీ పక్కలకి నొక్కమనండి. నాలుగు పుల్లలది ఒరిగిపోతుంది. త్రిభుజం కదలదు. రేకుల షెడ్డు పైకప్పు కింద ఇనప కమ్మీలు ఎందుకు త్రిభుజాలుగా ఉంటాయో పిల్లలు మీకు చెప్తారు.

మూడు సమానమైన పుల్లలతో సమబాహు త్రిభుజం. రెండే సమానమైతే సమద్విబాహు: సమ, ద్వి, బాహు. ఏదీ సమానం కాకపోతే విషమబాహు. ‘విషం’ కాదు, ‘సమం కానిది’. తర్వాత 3, 4, 8 సెంటీమీటర్ల ముక్కలిచ్చి త్రిభుజం చేయమనండి. రెండు పొట్టి పుల్లలూ ఎంత చాచినా కలవవు. ఏ రెండు భుజాల మొత్తమైనా మూడోదానికన్నా ఎక్కువుండాలని వాళ్ల నోటనే వస్తుంది.

కాగితం త్రిభుజం ఒకటి కత్తిరించి, మూడు మూలలూ చించి, శీర్షాలు ఒకే చోట కలిసేలా పక్కపక్కన పేర్చండి. తిన్నటి గీత వస్తుంది, అంటే 180. ఎవరి త్రిభుజం వాళ్లు ఎలా కావాలంటే అలా కత్తిరించుకోవాలి. అందరికీ అదే వచ్చినప్పుడు చూడాలి వాళ్ల ముఖాలు.

ఇక నాలుగు భుజాలవి. పిల్లలు ఎక్కువ కంగారు పడేది ఇక్కడే. నాలుగు సమానమైన పుల్లల్ని లంబకోణాలతో నిలబెట్టండి: చతురస్రం. మెల్లగా పక్కకి ఒరగనివ్వండి: సమచతుర్భుజం. భుజాలు మారలేదు, మూలలు మారాయి. అందుకే చతురస్రం కూడా ఒక రకం సమచతుర్భుజమే, నాలుగు భుజాలూ సమానమేగా. ఎదురెదురు భుజాలు మాత్రమే సమానంగా ఉండేలా రెండు పొడుగు, రెండు పొట్టి పుల్లల్ని లంబకోణాలతో నిలబెడితే దీర్ఘచతురస్రం. దాన్ని ఒరగనిస్తే సమాంతర చతుర్భుజం. ఒక జత భుజాలే సమాంతరంగా ఉంటే సమలంబ చతుర్భుజం. ఈ పేరు చూసి అందులో లంబకోణం కోసం వెతుకుతారు, ఉండక్కర్లేదు. ఆ సమాంతర భుజాల మధ్య లంబం ఎక్కడ గీసినా పొడవు సమానమని దాని భావం.

చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి చూపితే ‘డైమండ్’ అంటారు. మా మేనకోడలు అరగంట వాదించింది, అది చతురస్రం కానే కాదని. కాగితం తన చేతికే ఇచ్చి, మెడ వంచి చూడమన్నాను. వంచింది. ‘ఇప్పుడు చతురస్రం. మెడ ఎత్తితే డైమండ్’ అంది. ఆ రోజుకి అక్కడితో సంధి.

కర్ణం అనే చిక్కు

చతుర్భుజంలో ఎదురెదురు మూలల్ని కలిపే గీత కర్ణం. లంబకోణ త్రిభుజంలో అన్నిటికన్నా పొడుగు భుజం కూడా కర్ణమే. ఇంగ్లీషులో డయాగ్నల్, హైపోటెన్యూస్ అని రెండు వేరు మాటలు. తెలుగులో ఒకటే, అందుకని పిల్లలు తికమకపడతారు. దీర్ఘచతురస్రపు కాగితాన్ని మూల నుంచి మూలకి కత్తిరించండి. ఇప్పటిదాకా దీర్ఘచతురస్రానికి కర్ణంగా ఉన్న గీతే రెండు త్రిభుజాలకీ కర్ణమైపోయింది. గీత అదే కాబట్టి పేరూ అదే.

గాజులతో వృత్తం

అమ్మ గాజు ఒకటి కాగితం మీద పెట్టి, లోపలి అంచు వెంట పెన్సిలుతో గీసి, ఆ గుండ్రాన్ని కత్తిరించండి. ఇది వృత్తం. కేంద్రం ఎక్కడుందో వృత్తలేఖిని లేకుండా పట్టుకోవాలి. సగానికి మడిచి విప్పండి, ఇంకో వైపు నుంచి సగానికి మడిచి విప్పండి. మడతలు కలిసిన చోటే కేంద్రం. ఒక్కో మడతా ఒక వ్యాసం. కేంద్రం నుంచి అంచు దాకా వ్యాసార్ధం, వ్యాసంలో అర్ధం, అంటే సగం. కొన్ని పుస్తకాల్లో ఒత్తు మార్చి ‘వ్యాసార్థం’ అని అచ్చవుతుంది. అలా ఉన్నా కంగారు పడకండి, సగం అనే సంగతి మాత్రం నోటితో చెప్పించండి.

ఇప్పుడు కేంద్రం గుండా పోకుండా, అంచుకి దగ్గరగా ఒక మడత పెట్టండి. ఆ మడత జ్యా, ఆ వైపు మిగిలిన వంపు చాపం. సంస్కృతంలో చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. కాగితం ముక్కని పట్టుకుని చూస్తే రాముడి బొమ్మలోని విల్లే. ఇదే జ్యా అరబ్బుల చేతుల్లోకీ అక్కణ్ణించి లాటిన్‌లోకీ మారుతూ పోయి, పై తరగతుల్లో పిల్లలు చదివే ‘సైన్’ అయింది. జ్యాకి భూమి అనే అర్థం కూడా ఉంది, జ్యామితి అంటే భూమిని కొలవడం.

గాజు సైజులు గమనించారా? షాపులో ‘రెండు ఆరు’ అంటాం, 2.6 అని రాసి ఉంటుంది. అది దశాంశం కాదు. 2 అంగుళాలూ, అంగుళంలో 16వ భాగాలు ఆరూ. అంటే లోపలి వ్యాసం 2.375 అంగుళాలు, దాదాపు 60 మిల్లీమీటర్లు. ‘రెండు ఎనిమిది’ సరిగ్గా రెండున్నర అంగుళాలు. పిల్లలతో స్కేలు పెట్టి కొలిపించండి, కేంద్రం గుండా పోతేనే పెద్ద కొలత వస్తుందని వాళ్లకే తెలుస్తుంది. గాజు పగిలితే బాధ్యత నాది కాదు.

డబ్బా చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి, కత్తిరించి, డబ్బా మూత వ్యాసంతో కొలవండి. మూడు వ్యాసాలు పోగా కాస్త దారం మిగులుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న డబ్బాకైతే దారం దాదాపు 31.4 సెంటీమీటర్లు. ఏ డబ్బా తెచ్చినా మూడూ కాస్తే. పరిధికీ (వృత్తం చుట్టూ ఉన్న పొడవుకీ) వ్యాసానికీ ఉన్న ఈ లెక్కనే ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 పరిధి అని చెప్పాడు, అంటే 3.1416.

చుట్టుకొలత, వైశాల్యం

వీటికి మీ ఊళ్లో స్థలం బేరాలే మంచి పాఠం. ‘200 గజాల స్థలం’ అంటాం. అక్కడ గజాలంటే నిజానికి చదరపు గజాలు. ఒక చదరపు గజం 9 చదరపు అడుగులు కాబట్టి 1800 చదరపు అడుగులు. పిల్లల్ని అడగండి: 200 గజాల స్థలం చుట్టూ కంచె వేయడానికి 200 గజాల కంచె కావాలా? 30 బై 60 స్థలమైతే చుట్టూ 180 అడుగులు, అంటే 60 గజాలే. చుట్టూ నడిచేది చుట్టుకొలత, లోపల పరిచేది వైశాల్యం. ఇప్పుడు 40 బై 45 వేయించండి. వైశాల్యం అదే 1800, చుట్టుకొలత 170. స్థలం అంతే ఉన్నా కంచె ఖర్చు తగ్గింది. ఊరికెళ్లినప్పుడు సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121 చదరపు గజాలు అని కలపండి. ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు ఎక్కువ వినబడతాయి.

ఘనాకారాలకి అగ్గిపెట్టె చాలు: 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు. స్థూపమంటే పెసరపప్పు డబ్బా ఆకారం. అమరావతి స్తూపం గుర్తొచ్చి గుమ్మటం గీసిన పిల్లలున్నారు, ముందే చెప్పండి.

చివరి ఆట

ఇద్దరు పిల్లల్ని వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరి దగ్గర బొమ్మ, ఇంకొకరి దగ్గర తెల్ల కాగితం. బొమ్మ ఉన్నవాళ్లు చేత్తో చూపించకూడదు, ‘ఇలా, అలా’ అనకూడదు. మాటలే వాడాలి. మొదటి రెండుసార్లు గోలగా ఉంటుంది, తిట్టుకుంటారు కూడా. వదిలేయండి. మొన్న మా వాకిట్లో ఐదో తరగతి పిల్ల ‘ఒక గీత గీయి’ అంది. వెనక నుంచి నాలుగో తరగతివాడు పెన్సిలు ఆపి, విసుగ్గా అడిగాడు: ‘రేఖా? రేఖాఖండమా? ఎంత పొడవో చెప్పకుండా ఎలా గీస్తాం అక్కా?’